మొదటి పిన్‌బాల్ మిషన్: ఏది కొనాలి, ఏం చూసి కొనాలి?

ప్రశ్న: నమస్తే అండీ. మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. అమెరికా వచ్చిన కొత్తలో రూమ్మేట్స్‌తో కలిసి బౌలింగ్ సెంటర్‌కి వెళ్లి, అద్దం కింద వాలు బల్ల మీద ఉక్కు బంతిని కొట్టే పిన్‌బాల్ ఆట ఆడేవాణ్ణి. ఆ పిచ్చి ఇంకా వదల్లేదు. ఇప్పుడు ఇంటి పై అంతస్తులో గేమ్ రూమ్ ఖాళీగా ఉంది, పిల్లలకు పదమూడు, తొమ్మిదేళ్లు. సెకండ్ హ్యాండ్‌లో ఒక మిషన్ కొందామని 3,500 డాలర్లు పక్కన పెట్టాను. మూడు కనిపించాయి. ఒకటి 1970ల నాటి గాట్లీబ్ ఎలక్ట్రోమెకానికల్ మిషన్, 500 డాలర్లు. “గ్యారేజీలో పెట్టేటప్పటికి బాగానే నడిచింది, ఫ్యూజ్ వేసుకుంటే చాలు” అంటున్నారు. రెండోది 1986 నాటి విలియమ్స్ వాళ్ల హై స్పీడ్, 3,000 డాలర్లు, నడుస్తోంది. మూడోది నాకు ప్రాణమైన ఆడమ్స్ ఫ్యామిలీ. దాని ధర నా బడ్జెట్‌కి రెండింతల పైనే. మిగతాది క్రెడిట్ కార్డు మీద లాగేద్దామా అనిపిస్తోంది. మా ఆవిడకు ఒకటే టెన్షన్: పాడైతే ఎవరు బాగుచేస్తారు, డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరవుతుందేమో అని. నేనా, కాలేజీ ల్యాబ్ తర్వాత సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోలేదు. ఏది కొనమంటారు? ఏమేం చూసుకోవాలి? కొన్నేళ్లకు హైదరాబాద్ వెళ్లిపోతే దాన్ని వెంట తీసుకెళ్లగలమా?

జవాబు: హై స్పీడ్ దగ్గరికి వెళ్లండి. వెళ్లగానే డబ్బు చేతిలో పెట్టమనడం లేదు. కింద చెప్పినవన్నీ మీ కళ్లతో చూసుకుని, గంటసేపు ఆడి, అప్పుడు తేల్చుకోండి. గాట్లీబ్‌ని ఇప్పటికి వదిలేయండి. ఆడమ్స్ ఫ్యామిలీ కోసం కార్డు మాత్రం తీయకండి.

మొదటిసారి కొనేవాళ్లలో చాలామంది ఎలక్ట్రానిక్స్‌ని చూసి భయపడతారు. ఆ వైర్లు, బోర్డులు, లోపలి భాగాల్ని కదిలించే విద్యుదయస్కాంతాలు, అంటే కాయిళ్లు, చూడగానే బెదిరిపోతారు. బంతి పరుగెత్తే చెక్క బల్ల, అంటే ప్లేఫీల్డ్ మీద రంగు లేచిపోయి కింది చెక్క కనిపిస్తుంటే మాత్రం “పాతది కదా, మామూలే” అని సరిపెట్టుకుంటారు. భయపడాల్సింది ఆ రెండో దానికి. 1986 నాటి విలియమ్స్ మిషన్‌కి కాయిల్ కావాలంటే, విడిభాగాలు అమ్మే మార్కో స్పెషాల్టీస్‌లోనో పిన్‌బాల్ లైఫ్‌లోనో ఆర్డర్ పెడితే కొద్ది రోజుల్లో ఇంటికొస్తుంది. విలియమ్స్ కంపెనీ 1999లోనే పిన్‌బాల్ తయారీ మానేసింది, అయినా దాని మిషన్లకు విడిభాగాల కొరత లేదు. మెయిన్ బోర్డు మొత్తం పోయినా, దాని స్థానంలో పెట్టుకునే కొత్త బోర్డులు తయారుచేసి అమ్మేవాళ్లున్నారు. రంగు పోయిన ప్లేఫీల్డ్‌కి ఇంత సులువైన దారి లేదు. కొన్ని మోడళ్లకు కొత్త ప్లేఫీల్డ్‌లు అచ్చువేసి అమ్ముతున్న మాట నిజమే. కానీ వందల డాలర్లు పోసి దాన్ని కొన్నాక, పాతదాని కింద ఉన్న ప్రతి స్విచ్చీ, ప్రతి బల్బు సాకెట్టూ, ప్రతి కాయిలూ విప్పి కొత్తదానికి బిగించాలి. చేయి తిరిగినవాళ్లకే వారాల తరబడి పట్టే పని అది. కాబట్టి మీరు చూడబోయే ప్రతి లోపం గురించీ అడగాల్సింది ఒకటే: ఇది డబ్బుకి లొంగేదా, లొంగనిదా? లొంగేదైతే బేరంలో తగ్గించుకోవచ్చు. లొంగనిదైతే మిషన్ ఎంత చవకైనా వెనక్కి తిరగండి.

హై స్పీడ్ వైపు నేను మొగ్గడానికి కారణాలున్నాయి. దాన్ని డిజైన్ చేసిన స్టీవ్ రిచీ ఒకసారి తన పోర్షె కారులో అతివేగంగా వెళ్లి పోలీసుల చేత తరిమించుకున్నాడు. ఆ ఛేజింగే ఆటైంది. ట్రాఫిక్ లైటుని ఆకుపచ్చ నుంచి ఎరుపుకి మార్చడం, ర్యాంప్ మీదుగా రెడ్ లైట్ దాటేసి పారిపోవడం, ఆపైన మూడు బంతుల మల్టీబాల్, అంతే ఆట. మీ తొమ్మిదేళ్ల పిల్లకో పిల్లాడికో రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. మీకు మాత్రం ఆ ర్యాంప్ ఏళ్ల తరబడి విసుగు పుట్టనివ్వదు. ఎవరూ కొట్టకపోతే జాక్‌పాట్ పెరుగుతూ తర్వాతి ఆటకి కూడా కొనసాగుతుంది, ఇంట్లో పోటీకి అంతకన్నా ఏం కావాలి! పైగా ఇవి 17,000కు పైగా తయారయ్యాయి. విలియమ్స్ వాళ్ల సిస్టమ్ 11 అనే బోర్డుల తరం ఈ మిషన్‌తోనే మొదలైంది, ఆ తర్వాత కొన్నేళ్ల పాటు వాళ్ల మిషన్లన్నీ దాని మీదే నడిచాయి. అందుకే దానికి వచ్చే జబ్బులన్నీ తెలిసినవే, మందులూ తెలిసినవే. సొంతంగా రిపేరు నేర్చుకోవాలనుకునేవారికి ఇది పెద్ద ఊరట.

ఇక చూడటానికి వెళ్లినప్పుడు సంగతి. వస్తున్నామని చెప్పేటప్పుడే, మిషన్‌ని ముందుగా ఆన్ చేసి ఉంచవద్దని అడగండి. చల్లగా ఉన్నప్పుడు ఎలా లేస్తుందో, గంట నడిచాక ఎలా ఉంటుందో రెండూ మీరు చూడాలి. కాయిన్ డోర్ తాళం, వెనక నిలబడి ఉండే బ్యాక్‌బాక్స్ తాళం చెవులు ఉన్నాయో లేదో కూడా అడగండి. బ్యాక్‌బాక్స్ తాళం చెవి పోయింది, లోపల చూపించలేను అంటే ఆ ప్రయాణం దండగ.

వెళ్లాక మొదట ఆడకండి. పై అద్దం తీయించండి. కాయిన్ డోర్ తెరిస్తే లోపల ఒక లీవర్ ఉంటుంది, దాన్ని లాగితే ముందున్న లోహపు పట్టీ ఊడి వస్తుంది, అద్దం కిందికి జారుతుంది. అది టెంపర్డ్ గ్లాస్. మధ్యలో గట్టిగా తట్టినా తట్టుకుంటుంది కానీ, అంచో మూలో టైల్స్ మీదో సిమెంట్ గచ్చు మీదో తగిలిందంటే ఒక్కసారిగా వేల ముక్కలవుతుంది. కార్పెట్ మీదో మడత పెట్టిన దుప్పటి మీదో ఆనించండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

ఇప్పుడు ప్లేఫీల్డ్. ఫోన్ టార్చ్‌ని పైనుంచి కాకుండా పక్క నుంచి వాలుగా వేసి చూడండి, ఎత్తుపల్లాలన్నీ అప్పుడే బయటపడతాయి. బంతి వచ్చి పడే గుంటల అంచులు, బంతి బయటికి ఎగిరి వచ్చే చోట్లు, బంతిని కొట్టే ఫ్లిప్పర్లకు కాస్త పైనున్న చోటు, తగిలిన బంతిని విసిరికొట్టే పాప్ బంపర్ల చుట్టూ: రంగు మొదట అరిగేది ఇక్కడే. రంగు కాస్త పలచబడితే పరవాలేదు. చెక్క నారలు పైకి లేచి నల్లబడితే బంతి అక్కడికి వెళ్లినప్పుడల్లా ఇంకా తవ్వుకుంటూ పోతుంది. ప్లేఫీల్డ్‌లో అతికించిన రంగు ప్లాస్టిక్ బిళ్లల కింద బల్బులు వెలుగుతుంటాయి చూడండి, వాటిని ఇన్సర్ట్‌లంటారు. వాటి మీదుగా వేలితో నిమిరి చూడండి. బిళ్ల చెక్కకంటే పైకి లేచినా లోపలికి కుంగినా బంతి దారి తప్పుతుంది. కొన్ని చోట్ల కంపెనీవాళ్లే మైలార్ అనే పారదర్శక షీటు అంటించి ఉంటారు. దాని అంచులు లేచి మురికి పట్టి వికారంగా కనిపించవచ్చు. అది వికారమే కానీ కింది రంగుని ఇన్నేళ్లు కాపాడింది అదే. కొన్నాక ఆత్రంగా పీకేయకండి, రంగు దానితో పాటే వస్తుంది.

మురికికి భయపడకండి. ఎండిన రబ్బరు రింగులు, నల్లటి బొగ్గులాంటి దుమ్ము, వెలగని బల్బులు, ఇవన్నీ బేరం తగ్గించుకునే సరుకు. రబ్బర్ల సెట్టు మొత్తం కొన్నా పెద్ద ఖర్చు కాదు. ర్యాంప్ ప్లాస్టిక్ పగిలితే మాత్రం ఒక్క నిమిషం ఆగండి. అది కొత్తగా దొరుకుతుందా, ఎంత అన్నది అక్కడే ఫోన్‌లో వెతికి, ఆ మొత్తాన్ని ధరలోంచి తీసేయమనండి.

తర్వాత బ్యాక్‌బాక్స్ తెరిపించండి. నేనైతే అన్నిటికన్నా ఎక్కువసేపు ఇక్కడే నిలబడమంటాను. హై స్పీడ్ సీపీయూ బోర్డు మీద మూడు డబుల్ ఏ బ్యాటరీల పెట్టె ఉంటుంది. మిషన్ ఆపేసినా హై స్కోర్లు, సెట్టింగ్‌లు గుర్తుండేది వాటి వల్లే. మనం టీవీ రిమోట్‌లో వేసే బ్యాటరీలే. ఎవరైనా వాటిని వేసి ఏళ్ల తరబడి మర్చిపోతే అవి కారతాయి. కారిన ద్రవం బోర్డు మీది రాగి గీతల్ని, చిప్‌ల కాళ్లని, సాకెట్లని నెమ్మదిగా తినేస్తుంది. బ్యాటరీ పెట్టె స్ప్రింగుల దగ్గర తెల్లటి పొడి, దాని చుట్టుపక్కల ఆకుపచ్చగా నీలంగా పట్టిన చిలుము, మసకబారిన సోల్డర్ చుక్కలు కనిపిస్తే అది మొదలైనట్టే. “బ్యాటరీ కారింది కానీ శుభ్రం చేశాం, నడుస్తోంది” అంటారు. నడుస్తుండవచ్చు. ఆ క్షారం పూర్తిగా పోకపోతే ఇంకో ఏడాదికో రెండేళ్లకో మిషన్ మొరాయిస్తుంది. అలా ఉందంటే కొత్త బోర్డు ధర, అంటే కొన్ని వందల డాలర్లు, లెక్కలో కలుపుకోండి. బోర్డు శుభ్రంగా ఉంటే అమ్మేవాళ్లు మిషన్‌ని పట్టించుకున్నవాళ్లన్నమాట, మిగతా చోట్ల కూడా ఆ శ్రద్ధ కనిపిస్తుంది. కొన్నాక మీరు చేయాల్సిన మొదటి పని కూడా ఇదే. బ్యాటరీల్ని బోర్డు మీద నుంచి తీసేసి, వైరుతో దూరంగా కింద పెట్టే చిన్న పెట్టెలోకి మార్చండి. లేదంటే బ్యాటరీ అక్కర్లేని ఎన్‌వీర్యామ్ చిప్ వేయించండి.

అక్కడే ఫ్యూజులు కూడా చూడండి. ప్రతి ఫ్యూజు పక్కన ఎన్ని ఆంపియర్లదో రాసి ఉంటుంది. దానికన్నా పెద్ద ఫ్యూజ్ వేసి ఉన్నా, ఫ్యూజుకి వెండి కాగితం చుట్టి ఉన్నా, ఎవరో జబ్బుని నయం చేయకుండా నోరు నొక్కారని అర్థం. ఫ్యూజ్ సాధారణంగా ఊరికే పోదు. ఎక్కడో కాయిల్ ఆన్ అయి అలాగే అతుక్కుపోయిందో, ట్రాన్సిస్టర్ షార్ట్ అయిందో, ఏసీ కరెంటుని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫయర్ కాలిందో ఉంటుంది. “ఫ్యూజ్ వేసుకుంటే చాలు” అన్న మాటని నేను ఎప్పుడూ నమ్మను. అంత చిన్న పనైతే అర డాలరు ఫ్యూజ్ వేసి, నడుస్తున్న మిషన్‌గా ఎక్కువ ధరకే అమ్ముకునేవారు కదా. మీ గాట్లీబ్ విషయంలో నా అభ్యంతరం అక్కడే మొదలవుతుంది. దాని సంగతి కాసేపట్లో.

కనెక్టర్ల దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి, మాడి ఉందేమో చూడండి. బల్బులకు వెళ్లే కరెంటు ఎక్కువ కాబట్టి ఆ వైపు కనెక్టర్లు మాడటం ఈ తరం మిషన్లలో మామూలు. చవకలో పోయే పనే, కానీ పని చేసుకోవాలి. ప్లేఫీల్డ్‌ని పైకి లేపి చూపించమని కూడా అడగండి. ముందు బంతులు తీసేయమనండి, లేపే పని వాళ్లకే వదిలేయండి. కింద కాయిళ్ల మీద కాగితం నల్లగా మాడి ఉందా, ఇన్సులేషన్ టేపుతో చుట్టిన అతుకులు ఎన్నున్నాయి, ఒరిజినల్ రంగుల వైర్ల మధ్య ఎక్కడిదో ఒక తెల్ల వైరు అడ్డదిడ్డంగా పోతోందా? ఇలాంటివి రెండు మూడుంటే అడిగి తెలుసుకోవచ్చు. అడుగడుగునా ఉంటే వద్దు.

ఇప్పుడు ఆన్ చేయమనండి. ఈ కాలం విలియమ్స్ మిషన్లలో ఒక గొప్ప సౌకర్యం ఉంది, కాయిన్ డోర్ లోపలి బటన్లతో మిషన్ తనని తాను పరీక్షించుకుంటుంది. డిస్‌ప్లేలు, శబ్దాలు, బల్బులు, కాయిళ్లు, స్విచ్‌లు వరసగా వస్తాయి. అమ్మేవాళ్లకి తెలియకపోతే ముందే మాన్యువల్ చదువుకుని వెళ్లండి. ఇంటర్నెట్ పిన్‌బాల్ డేటాబేస్‌లో చాలా పాత మిషన్ల మాన్యువళ్లు, ఫొటోలు ఉంటాయి. కాయిల్ టెస్టులో ఒక్కొక్కటి టక్ టక్ మని కొట్టాలి. స్విచ్ టెస్టులో మీరు వేలితో ఏది నొక్కితే దాని పేరే రావాలి. నారింజ రంగులో వెలిగే పాత డిస్‌ప్లేలలో అంకెలు మసకగా ఉన్నా, సగం సగం వెలిగినా అవి ఆయుష్షు చివర్లో ఉన్నట్టు. ఎల్‌ఈడీవి దొరుకుతాయి కానీ అదీ ఒక ఖర్చే.

ఆ తర్వాత కడుపునిండా ఆడండి. ముందు మిషన్ వాలు చూడండి, ఫోన్‌లో లెవెల్ యాప్ ఉంటే ప్లేఫీల్డ్ మీద పెట్టండి. ఈ తరం మిషన్లకు ఆరున్నర డిగ్రీల వాలు ఉండాలి. చాలా ఇళ్లలో దాన్ని బల్లపరుపుగా నిలబెట్టేసి, ఆట నెమ్మదిగా ఉందనుకుంటుంటారు. వాలు సరిగ్గా ఉన్నప్పుడు ఫ్లిప్పర్ బంతిని ర్యాంప్ చివరిదాకా పంపగలగాలి. మొదటి పది నిమిషాల్లో పంపి, అరగంట తర్వాత పంపలేకపోతే ఫ్లిప్పర్లు అరిగిపోయాయన్నమాట. కాయిల్ వేడెక్కే కొద్దీ బలం తగ్గుతుంది. ఫ్లిప్పర్లకు రీబిల్డ్ కిట్లు దొరుకుతాయి, మీ చేతులతో మీరు చేసుకోదగ్గ మొదటి రిపేరు అదే. మల్టీబాల్ తప్పకుండా రప్పించండి. మూడు బంతులూ బయటికి రావాలి, మూడూ తిరిగి లోపలికి లెక్కగా చేరాలి. పైన పోలీసు లైటు తిరుగుతోందా చూడటం మర్చిపోకండి, అది తిరక్కపోతే హై స్పీడ్‌లో సగం సంబరం పోయినట్టే.

గాట్లీబ్ గురించి. 1947లో హంప్టీ డంప్టీ అనే మిషన్‌తో ఫ్లిప్పర్లను పిన్‌బాల్‌లోకి తెచ్చింది ఈ కంపెనీయే. వాళ్ల 1970ల ఎలక్ట్రోమెకానికల్ మిషన్లంటే నాకు చాలా ఇష్టం. చిప్ అనేదే ఉండదు. రిలేలు, తిరిగే అంకెల చక్రాలు, నిజమైన లోహపు గంటలు. సర్క్యూట్ డయాగ్రమ్ ముందేసుకుని కూర్చుంటే లాజిక్ అంతా కంటికి కనిపించేలా కదులుతుంది. ఇంజినీరింగ్ చదివిన మనిషికి అది పండగే. కానీ ఏళ్ల తరబడి గ్యారేజీలో పడున్న మిషన్‌లో వందల కాంటాక్టులు చిలుము పట్టి ఉంటాయి, గ్రీజు జిగురుగా గట్టిపడి, ఒక్కో అడుగే తిరుగుతూ లెక్కపెట్టే స్టెప్పర్లు కదలవు. ఒక్కొక్కటీ శుభ్రం చేసి సర్దాలి. దానికి తోడు ఆ కాలపు బ్యాక్‌గ్లాస్ మీద బొమ్మ అద్దం వెనక వేసిన రంగు. టెక్సస్ గ్యారేజీ ఎండకి అది పొరలు పొరలుగా రాలుతుంది, రాలిన దాన్ని తిరిగి అతికించలేం. మీ ఇంట్లో అందరూ ఆడటానికి ఎదురుచూస్తున్నారు. మొదటి మిషన్ ఆరు నెలలు విప్పి పరిచి ఉంటే, మీ ఆవిడ టెన్షన్ నిజమైనట్టే కదా. ఆడే మిషన్ ఒకటి ఇంట్లో ఉన్నాక, రెండోదిగా ఇలాంటిది తెచ్చుకోండి. అప్పుడది హాయిగా ఉంటుంది.

ఆడమ్స్ ఫ్యామిలీ మీద మీ ప్రేమ నాకు అర్థమవుతుంది. 1992లో వచ్చిన ఆ మిషన్ 20,000కు పైగా అమ్ముడైంది. ఆ లెక్కన అరుదైనదేం కాదు, అందరికీ కావాలి కాబట్టే ఆ ధర. అందుకే తొందర అక్కర్లేదు, అది ఎక్కడికీ పోదు. కార్డు వడ్డీ నెలనెలా కడుతూ ఆడే ఆటలో సంతోషం ఉండదు. పైగా అన్ని వేలు పోసిన మిషన్ మీద మీరు ధైర్యంగా స్క్రూడ్రైవర్ పెట్టలేరు. మీ దగ్గర ఇంకో అదృష్టం ఉంది. టెక్సస్ పిన్‌బాల్ ఫెస్టివల్ ఏటా వసంతంలో జరిగేది మీ ఫ్రిస్కోలోనే. టికెట్ కొనుక్కుని లోపలికి వెళితే వందల మిషన్లు నాణెం వేయకుండా ఆడుకోవచ్చు. రెండు రోజులు పిల్లల్ని కూడా తీసుకెళ్లండి, అసలు ఎవరికి ఏది నచ్చుతుందో అక్కడ తెలుస్తుంది. ఇంట్లో పెట్టుకున్నాక నెలకే మొహం మొత్తే మిషన్లు ఉంటాయి, బయట రెండు ఆటలు ఆడితే ఆ సంగతి తెలియదు. అక్కడ అమ్మకానికి కూడా పెడతారు. రిపేర్లు చేసేవాళ్లతో పరిచయం అవుతుంది, ఊళ్లో ఒక మంచి మెకానిక్ నంబరు సంపాదించుకోవడం కొనే మిషన్ ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

ఇక మీ ఆవిడ అడిగినదానికి. పాడవుతుంది. ముప్పై ఏళ్లు దాటిన మిషన్, లోపల గట్టి ఉక్కు బంతి పరుగులు తీస్తుంటే ఏదో ఒకటి వదులవుతూనే ఉంటుంది. ఎక్కువసార్లు అది తెగిన వైరో, వంగిన స్విచ్చో, ఊడిన బల్బో. వీటిని మీరే చేసుకోవాలి. ప్రతిదానికీ మనిషిని పిలిస్తే మిషన్ ధర రెండేళ్లలో మళ్లీ ఖర్చవుతుంది. కొనే ముందే పాతిక డాలర్ల సోల్డరింగ్ ప్రాక్టీసు కిట్ ఒకటి తెప్పించుకుని చేయి అలవాటు చేసుకోండి, మల్టీమీటర్ ఎలాగూ ఉంటుంది. బోర్డుల మీద మాత్రం మొదట్లో చేయి పెట్టకండి, అవి విప్పి మెకానిక్‌కి పంపవచ్చు. మీ పదమూడేళ్లవాళ్లని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, రబ్బర్లు మార్చడం వాళ్లకి చక్కగా వస్తుంది. ఒక్క నియమం ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పండి: లోపల చేయి పెట్టాలంటే ముందు గోడ ప్లగ్ పీకాలి. స్విచ్ ఆపితే సరిపోదు, స్విచ్ దాకా 120 వోల్టులు ఉంటూనే ఉంటాయి. ఆన్‌లో ఉన్నప్పుడు డిస్‌ప్లేల దగ్గర వంద వోల్టుల దాకా ఉంటుంది.

డబ్బు విషయానికొస్తే, 3,500లో మొత్తం మిషన్‌కే పెట్టేయకండి. 500 విడిగా ఉంచండి. మొదటి నెలలో రబ్బర్లు, ఫ్లిప్పర్ కిట్, బల్బులు, కొత్త బంతులు, బ్యాటరీ మార్పు, మోత ఖర్చు దాన్ని తినేస్తాయి. అంటే 3,000 అడుగుతున్న మిషన్ నిజంగా బాగుంటేనే ఆ ధర. బేరం ఆడేటప్పుడు మిషన్‌ని తిట్టకండి. చాలామంది వీటిని ప్రేమతో పెంచుకున్నవాళ్లే, మంచి ఇంటికి వెళుతోందంటే వాళ్లే తగ్గిస్తారు. చూసిన లోపాలు కాగితం మీద రాసుకుని, ఒక్కోదానికి ఎంతవుతుందో చూపించి అడగండి. “ఇంట్లోనే వాడాం, బయట పెట్టలేదు” అన్న మాటకి మాత్రం ఒక్క డాలరు కూడా ఎక్కువ ఇవ్వకండి. 1986లో ఇవి బార్లకు, ఆర్కేడ్‌లకు అమ్ముడైన మిషన్లు. ప్లేఫీల్డ్ శుభ్రంగా ఉన్న మిషన్‌ని మీరు జాగ్రత్తగా చూసుకుంటే, రెండేళ్ల తర్వాత అమ్మినా పెద్ద నష్టం రాదు. 2020 తర్వాత ధరలు బాగా ఎగిసి మళ్లీ కొంత దిగాయి కాబట్టి లాభాల ఆశ మాత్రం పెట్టుకోవద్దు. కొత్త మిషన్లు తయారుచేసే స్టెర్న్ కంపెనీ పూర్తిస్థాయి మోడళ్లలో తక్కువదే మీ బడ్జెట్‌ని బాగా దాటుతుంది. మంచి పాత మిషన్‌కి గిరాకీ ఉండటానికి అదీ ఒక కారణం.

మీ గేమ్ రూమ్ పైన ఉంది, దీని మీద కొంచెం గట్టిగా చెప్పాలి. మిషన్ బరువు సుమారు 250 పౌండ్లు, అంటే 113 కిలోలు. పై అంతస్తు ఆగుతుందా అన్న భయం వద్దు. ఇలాంటి గదుల నేలని చదరపు అడుగుకి 40 పౌండ్లు మోసేలా కడతారు, ఒక మిషన్ దానికి లోబడే ఉంటుంది. అసలు సమస్య మెట్లు, ముఖ్యంగా మలుపు తిరిగే చోటు. కొనక ముందే మెట్ల వెడల్పు, మలుపు దగ్గర జాగా టేపుతో కొలుచుకోండి. పైనున్న పోలీసు లైటు విప్పి, బంతులు తీసి, బ్యాక్‌బాక్స్ లోపలి బోల్టులు తీసి దాన్ని దుప్పటి మీదకి ముందుకి మడిచి, బెల్టుతో గట్టిగా కట్టాలి. వైర్లు మడతలో నలగకుండా ఒకరు చూస్తుండాలి. తర్వాత కాళ్లు విప్పాలి. ఇలా చేస్తే సీట్లు మడిచిన హోండా ఒడిస్సీలోనో టొయోటా సియన్నాలోనో పడుతుంది. మన తెలుగు ఇళ్లలో ఆ రెంటిలో ఒకటి ఎలాగూ ఉంటుంది, లేకపోతే పక్కింటివాళ్లని అడగండి. ఇల్లు చేరేదాకా స్నేహితులు చాలు. మెట్లెక్కించడానికి మాత్రం పియానోలు మోసేవాళ్లనో, పిన్‌బాల్ మోయడం అలవాటున్నవాళ్లనో డబ్బిచ్చి పిలవండి. బిర్యానీ పెడతాం రండిరా అని నలుగురు ఐటీ స్నేహితుల్ని పిలిచి నడుం విరగ్గొట్టించకండి, కింద నుంచి మోసేవాడి మీదే బరువంతా పడుతుంది. “అంత కష్టమైతే గ్యారేజీలో పెట్టుకుంటాం” అనుకోకండి. మీ ఊరి జూలై ఎండలో గ్యారేజీ కొలిమిలా ఉంటుంది, ప్లాస్టిక్‌లు వంకరపోతాయి. గేమ్ రూమ్‌లో కూడా కిటికీ ఎండ నేరుగా పడని గోడకి పెట్టండి, లేదంటే క్యాబినెట్ రంగు వెలిసిపోతుంది. కింద ఎవరి పడకగది ఉందో కూడా చూసుకోండి. రాత్రి పదింటికి ఫ్లిప్పర్ చప్పుడు నేల గుండా బాగా దిగుతుంది.

హైదరాబాద్ తీసుకెళ్లవచ్చు. విలియమ్స్ ఈ మిషన్లని యూరప్‌కి కూడా పంపేది కాబట్టి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర జంపర్ వైర్లు మార్చి 220-240 వోల్టులకు పెట్టుకునే పద్ధతి మాన్యువల్‌లోనే ఉంటుంది. దానితో పాటు మెయిన్ ఫ్యూజు, పవర్ బాక్సులో వోల్టేజి హఠాత్తుగా పెరిగితే అడ్డుకునే వేరిస్టర్ కూడా ఆ వోల్టేజికి తగ్గవి వేయించాలి. వేరిస్టర్ మార్చడం మర్చిపోతే ప్లగ్ పెట్టగానే కాలుతుంది. అక్కడ దీన్ని బాగుచేసేవాళ్లు దొరకడం కష్టం. అప్పటికి మీరే రిపేరు నేర్చుకుని ఉండాలి. సామాను కంటైనర్‌లోకి ఎక్కించే రోజున రెండు సెట్ల రబ్బర్లు, నాలుగు ఫ్లిప్పర్ కాయిళ్లు, ఫ్యూజులు, బల్బులు, వీలైతే ఒక స్పేర్ సీపీయూ బోర్డు మిషన్ పొట్టలోనే సర్ది పంపండి. బ్యాక్‌బాక్స్‌లో తేమని పీల్చే సిలికా జెల్ సంచులు వేయండి, బ్యాటరీలు తీసి బయట పెట్టండి.